నల్లరేగడి సీమలో నడివయసు విశ్వాసం, సంఘ ఉజ్జీవం

తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న నల్లరేగడి సీమలోనూ, దాని చుట్టుపట్లా క్రైస్తవ సంఘాల చరిత్ర చాలావరకు పెద్దవయసులో విశ్వాసంలోకి వచ్చినవాళ్ళ చరిత్రే. పెళ్ళయి, పిల్లలు పుట్టి, కులంలో ఒక చోటు, ఊళ్ళో ఒక మాట సంపాదించుకున్నాక వాటిని పణంగా పెట్టి వచ్చినవాళ్ళు వీళ్ళు. అంత వెల పెట్టినవాళ్ళు సంఘాన్ని ఉన్నదున్నట్టుగా ఒప్పుకుని ఊరుకోవడం అరుదు. జీతం ఎవరిస్తున్నారు, మాట ఎవరిది చెల్లుతోంది, కానుకల డబ్బు ఎటు పోతోంది అని అడుగుతారు. అందుకే ఈ సీమలో మారుమనస్సు కథలను, ఉజ్జీవం కథలను వేరుచేసి చెప్పడం కష్టం.

రెండు పట్టణాల మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు, నడుమ సాత్తూరు. విరుదునగర్ జిల్లా 1985లో పాత రామనాథపురం జిల్లా నుంచి విడివడింది. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోది. పత్తి, జొన్న, సజ్జ పండే వానాధారపు నేల ఇది. అగ్గిపెట్టెలకు, శివకాశి బాణాసంచాకు, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి పేరుపడింది. తెలుగు శ్రోతలకు ఇది పూర్తిగా పరాయి సీమ కూడా కాదు. ఇక్కడి కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు తరతరాలుగా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుతున్నవాళ్ళే. తెలుగువాళ్ళ వలసను ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసిన కి. రాజనారాయణన్ ఊరు ఇడైసేవల్ కోవిల్‌పట్టి పక్కనే.

ఈ వైపు క్రైస్తవానికి తొలి పెద్ద మలుపు మదురై. ఇటలీ నుంచి వచ్చిన జెసూట్ సన్యాసి రోబెర్తో దె నోబిలి 1606లో అక్కడికి చేరారు. అప్పుడు మదురైని ఏలుతున్నది తెలుగు నాయకరాజులు. నోబిలి తమిళంతో పాటు తెలుగు, సంస్కృతం కూడా నేర్చుకున్నారు. ఆయనకు సంస్కృతం చెప్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణ పండితుడు. శాస్త్రం చెప్పడానికి వచ్చిన ఆ గురువు, వాదోపవాదాల తర్వాత 1609లో శిష్యుడి చేతి మీదుగానే బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పండితుడికి జంధ్యం, పిలక ఉండవచ్చా అన్న ప్రశ్న గోవాకు, రోముకు ఎక్కి ఏళ్ళ తరబడి తగవైంది. పెద్దవయసులో విశ్వాసంలోకి వచ్చిన మనిషి తన పాత జీవితంలో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న చర్చ దక్షిణాదిలో అంత గట్టిగా లేచింది అప్పుడే.

మదురై మిషన్ దక్షిణానికి పాకి కోవిల్‌పట్టి దగ్గరి కామనాయక్కన్‌పట్టిలో స్థిరపడింది. అక్కడి పరలోకమాత ఆలయంలో ఆగస్టు 15న జరిగే ఉత్సవానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇప్పటికీ జనం వస్తారు. అదే మిషన్ జెసూట్, తమిళులు వీరమామునివర్ అని పిలుచుకునే బెస్కీ 18వ శతాబ్దం తొలినాళ్ళలో అక్కడ పనిచేశారు. ‘తేంబావణి’ మహాకావ్యం ఆయనదే. తెలుగువాళ్ళ పరమానందయ్య శిష్యుల బాపతు కథలను తమిళంలో పరమార్థ గురువు కథగా రాసిందీ ఆయనే.

తిరునెల్వేలి పక్కనున్న పాళయంకోట్టైలో ప్రొటెస్టెంటు సంఘం మొదలే ఒక విధవరాలితో. తంజావూరు మరాఠా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, భర్త పోయాక ఒక ఆంగ్లేయ సైనికాధికారి దగ్గర ఉన్న ఆమెకు, పెళ్ళి కాలేదన్న కారణంతో మిషనరీ ష్వార్ట్జ్ మొదట బాప్తిస్మం ఇవ్వనన్నారు. ఆ అధికారి చనిపోయాక 1778లో ఇచ్చారు. క్లోరిందా అని పేరు పెట్టుకున్న ఆమె పూనుకుని కట్టించిన చర్చి 1785 నాటిది. ఊళ్ళో దాన్ని పాపాత్తి అమ్మాళ్ కోయిల్ అనే పిలుస్తారు. 1780 నాటి సంఘం చిట్టాలో 40 పేర్లున్నాయి. తిరునెల్వేలి సంఘం తన పుట్టుకను ఆ చిట్టా నుంచే లెక్కపెట్టుకుంటుంది. ఒకసారి వద్దనిపించుకున్న మనిషి చేతుల్లో పెరిగిన సంఘం అది.

అప్పట్లో విశ్వాసం మార్చుకోవడమంటే ఆస్తి మీద ఆశ వదులుకోవడమే. తండ్రి ఆస్తిలో వాటా పోయేది, పంక్తి భోజనం పోయేది, పిల్లలకు సంబంధాలు దొరికేవి కావు. 1850లో వచ్చిన 21వ నంబరు చట్టం మతం మారినా, కులం వెలివేసినా వారసత్వపు హక్కు పోదని చెప్పింది. చట్టం కాపాడింది ఆస్తిని మాత్రమే. పంక్తినీ పెళ్ళి సంబంధాన్నీ ఏ చట్టం ఇప్పించగలదు?

చట్టం వచ్చిన ఎనిమిదేళ్ళకు ఒక వైష్ణవ కవి ఆ గడప దాటారు. హెచ్.ఎ. కృష్ణ పిళ్ళై 1827లో తిరునెల్వేలి దగ్గరి కరైయిరుప్పులో పుట్టారు. ఇంట్లో కంబ రామాయణ పఠనం నిత్యం సాగేది. 1853లో సాయర్‌పురం మిషన్ పాఠశాలలో తమిళ పండితుడిగా చేరినప్పుడు ఆయనకు క్రైస్తవమంటే గిట్టదు. తమ్ముడు ముత్తయ్య పిళ్ళై, మిత్రుడు ధనకోటి రాజు తనకంటే ముందు ఆ దారి పట్టడం ఆయన్ని కలవరపెట్టింది. చివరికి 1858లో, సుమారు 31 ఏళ్ళ వయసులో, మద్రాసులో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత జీవితమంతా పెట్టి రాసిన ‘రక్షణ్య యాత్రికం’ 1894లో అచ్చయింది. జాన్ బన్యన్ ఇంగ్లీషులో రాసిన యాత్రికుడి కథ దానికి ఆధారం, నడక మాత్రం అచ్చంగా కంబనిది. ఆళ్వార్ల భక్తిలో పెరిగిన చెవికి వేరే నడక తోచదు మరి. తమిళ క్రైస్తవులు ఆయన్ని క్రైస్తవ కంబన్ అంటారు. మన వైపు పురుషోత్తమ చౌదరి కథా దాదాపు ఇదే. 1803లో పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తెలుగు కీర్తన పద్ధతిలోనే క్రీస్తును పాడారు. సంఘానికి పాటలు ఇచ్చినవాళ్ళలో బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇంతమంది ఉండటం యాదృచ్ఛికం కాదు. పుట్టి పెరిగిన ఇంటి పాట గొంతులో ఉన్నవాళ్ళకు, దొరలు అనువదించిన పాట నోటికి ఎక్కి ఉండదు.

అందరూ కృష్ణ పిళ్ళైలా బయటపడలేదు. శివకాశిలో నాడార్ వ్యాపార కుటుంబాల స్త్రీలలో ఒక వర్గం ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల నుంచి గుట్టుగా క్రీస్తును నమ్ముతూ వచ్చింది. అమెరికన్ పరిశోధకురాలు ఎలైజా కెంట్ 2011లో వీళ్ళ మీద ఒక వివరమైన అధ్యయనం ప్రకటించారు. మిషన్ బడుల్లో చదువుకున్న ఆడపిల్లలు, ఇళ్ళకు వచ్చి అక్షరాలూ వాక్యమూ చెప్పిన బైబిలు స్త్రీలు ఈ విశ్వాసానికి మూలం. పైకి అన్నీ మామూలే. నుదుట బొట్టు, మెడలో తాళి, అత్తవారింటి పండుగలు. బైబిలు, ప్రార్థన ఇంటి లోపలి గదిలో. బాప్తిస్మం ఉండదు, ఎందుకంటే బాప్తిస్మం తీసుకున్న రోజున కుటుంబం ముక్కలవుతుంది, పిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. వీళ్ళను పిరికివాళ్ళని తీసిపారేయడం తేలిక. ఏళ్ళ తరబడి, పాస్టర్ లేకుండా, ఆరాధన లేకుండా, తోటి విశ్వాసి పక్కన లేకుండా నమ్మకం నిలుపుకోవడం ఎంత బరువో ప్రతి ఆదివారం చర్చి బల్ల మీద కూర్చునేవాళ్ళు ఒకసారి ఆలోచించవలసిందే. హెర్బర్ట్ హోఫర్ అనే లూథరన్ పండితుడు తమిళనాడులో ఇలాంటి బాప్తిస్మం లేని విశ్వాసుల మీద రాసిన పుస్తకం 1991లో వచ్చింది. సంఘం సరిహద్దు ఎక్కడ గీయాలన్న చర్చను అది మళ్ళీ రేపింది.

దళిత కుటుంబాలకు అడ్డంకి ఇంకో రకం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న మనిషికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. తమిళనాడులో అలాంటివాళ్ళను వెనుకబడిన తరగతుల్లో లెక్కిస్తారు. కోవిల్‌పట్టి చుట్టూ తెలుగు మాట్లాడే అరుంధతీయుల ఇళ్ళల్లో తండ్రి బాప్తిస్మం పిల్లవాడి కళాశాల సీటుతో, ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. బలవంతపు మతమార్పిడుల పేరిట తమిళనాడు ప్రభుత్వం 2002లో ఒక చట్టం తెచ్చి 2004లో వెనక్కి తీసుకుంది. క్రైస్తవుల విషయంలో 1950 ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది. నడివయసులో నిర్ణయం తీసుకునే మనిషి తన ఆత్మ సంగతి ఒక్కటే చూసుకుంటే సరిపోదు. రేషన్ కార్డు, కుల ధృవపత్రం, కూతురి సంబంధం అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

ఇక ఉజ్జీవం సంగతి. పాళయంకోట్టైలో 1820 నుంచి పనిచేసిన రేనియస్ జర్మన్ లూథరన్, ఆయనకు జీతమిచ్చింది ఇంగ్లండు ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ. పల్లెల్లో హింసలు పడే కొత్త విశ్వాసులకు భూమి కొని ఊళ్ళు కట్టించడానికి ఆయన కాలంలోనే 1830లో ధర్మసంఘం ఏర్పడింది. పల్లె ఉపదేశకులకు గురుపట్టం ఇవ్వాలంటే ఆంగ్లికన్ బిషప్పే కావాలా అన్న చోట ఆయనకూ సొసైటీకీ చెడింది. 1835లో ఆయన్ని తప్పించారు. వేలమంది విశ్వాసులున్న సంఘం రెండుగా చీలింది.

రేనియస్ శిష్యుల్లో జాన్ క్రిస్టియన్ అరుళప్పన్ ఒకరు. 1810లో పుట్టిన ఆయన తర్వాత ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రభావంలోకి వచ్చారు. గ్రోవ్స్ ఇంగ్లండులో పళ్ళ వైద్యం వదిలిపెట్టి, జీతం లేని సువార్తికుడిగా బయల్దేరిన మనిషి. రొట్టె విరవడానికి పట్టం పొందిన గురువే ఉండాలని లేదు, దేవుడి పనికి దేవుడే పోషిస్తాడు అన్నది ఆయన, ఆయన సహచరుల నమ్మకం. అరుళప్పన్ దాన్ని అక్షరాలా పట్టుకున్నారు. ఏ మిషన్ జీతమూ పుచ్చుకోలేదు. 1840 ప్రాంతంలో, ఇప్పటి విరుదునగర్ జిల్లాలో శ్రీవిల్లిపుత్తూరు వైపున, క్రిస్టియన్‌పేట అని ఒక ఊరు కట్టారు. అక్కడివాళ్ళు సేద్యం చేసుకుని బతుకుతూ వాక్యం చెప్పేవాళ్ళు.

అమెరికాలో 1857లోనూ, ఐర్లండు ఉత్తర భాగంలో 1859లోనూ వచ్చిన ఉజ్జీవాల వార్తలు క్రిస్టియన్‌పేటకూ చేరాయి. 1860లో అక్కడి ప్రార్థనల్లో జనం ఏడుస్తూ, రొమ్ము బాదుకుంటూ, చేసిన తప్పులు నలుగురిలో ఒప్పుకోవడం మొదలుపెట్టారు. కొందరు కింద పడిపోయారు, కొందరు తెలియని భాషల్లో మాట్లాడారు. ప్రవచనం చెప్పినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. గుళ్ళో నోరు విప్పే హక్కు ఎన్నడూ లేని పల్లె స్త్రీ లేచి నిలబడి సంఘాన్ని మందలించడం, పెద్దలు తలవంచి వినడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. తర్వాత అక్కడివాళ్ళు జీతం లేకుండా ఊళ్ళ మీదికి బయల్దేరారు. ఆ కదలిక తిరునెల్వేలి ఆంగ్లికన్ సంఘాల్లోకీ పాకింది. మిషనరీలకు రెండు విధాల తోచింది. మూర్ఛలూ కేకలూ చూసి భయపడ్డారు. అదే సమయంలో, తెల్లవాళ్ళ చెయ్యి లేకుండా దేశస్థుల లోంచే పుట్టిన తొలి ఉద్యమం ఇదని వాళ్ళలో కొందరు గుర్తించి రాశారు కూడా. ప్రపంచ పెంతెకోస్తు చరిత్రకారులు 1906 నాటి లాస్ ఏంజెలిస్ కూటాలకు ముందు వచ్చిన సంగతుల్లో క్రిస్టియన్‌పేటను ఇప్పుడు చేర్చుతున్నారు. అరుళప్పన్ 1867లో కన్నుమూశారు.

అదే సీమలో, ఆ ఉజ్జీవానికి కొన్నేళ్ళ ముందే, ఆంగ్లికన్ల వైపు నుంచి ఇంకో ప్రయత్నం జరిగింది. థామస్ రాగ్లాండ్ కేంబ్రిడ్జిలో గణితంలో పేరు తెచ్చుకున్న విద్వాంసుడు. 1854లో ఇద్దరు మిత్రులతో ఉత్తర తిరునెల్వేలికి వచ్చి, బంగళా కట్టకుండా గుడారాలతో ఊరూరా తిరిగారు. దక్షిణ తిరునెల్వేలి పాత సంఘాలు తమ ఖర్చుతో ఉపదేశకులను వంతులవారీగా ఆయన వెంట పంపాయి. ఆయన 1858లో శివకాశిలో చనిపోయేనాటికి బాప్తిస్మాల లెక్క ఏమంత పెద్దది కాదు. నేర్పిన అలవాటు మాత్రం నిలిచింది. డబ్బిచ్చి మనిషిని పంపిన సంఘం ఆ పనిని తన పనిగానే చూసుకుంటుంది.

ఇప్పటి తూత్తుకుడి జిల్లాలోని నజరేతు ప్రాంతంలో సంస్కరణ కోరిక తిరుగుబాటుగా మారింది. ఉపదేశకుడు అరుమైనాయకం, జనం పిలిచే పేరు సట్టాంపిళ్ళై, మిషనరీలతో తగువుపడి 1857లో ప్రకాశపురంలో సొంత సంఘం పెట్టారు. మిషనరీ కాల్డ్వెల్ 1849లో నాడార్ల గురించి కించపరిచేలా రాసిన పుస్తకం ఆ కోపానికి ఆజ్యం పోసింది. ఆ కొత్త సంఘంలో శనివారం విశ్రాంతి దినం, సాష్టాంగ నమస్కారం, ధూపం, జీతాల్లేని పెద్దలు, విదేశీ డబ్బు అసలే వద్దు. చిన్న సంఘమే అయినా అది వేసిన ప్రశ్న పెద్దది.

తిరునెల్వేలి చేసిన మరో ప్రయోగం ఫలించింది తెలుగునేల మీద. వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య 1903లో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించడంలో ముందున్నారు. భారతీయుల మనుషులు, భారతీయుల డబ్బు, భారతీయుల పెత్తనం దాని నియమం. అది ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. అజరయ్య ముప్పై దాటాక తెలుగు నేర్చుకుని 1909లో అక్కడికి వచ్చారు. 1910లో ఎడింబరో మహాసభలో, మాకు దొరలు వద్దు, స్నేహితులు కావాలి అన్న అర్థంలో మాట్లాడి తెల్లవాళ్ళ సభను ఇబ్బంది పెట్టారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కూలివాళ్ళ చేత, పాలేర్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట అనిపించేవారు. అంటే విశ్వాసంలోకి వచ్చిన మొదటి రోజునే ఆ మనిషి ప్రచారకుడు. ఇంట్లో ఎసరు పెట్టే ముందు పక్కకు తీసిపెట్టే పిడికెడు బియ్యం సంఘం ఖర్చులకు ఆధారం. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి.

మదురై వైపు అమెరికన్ కాంగ్రిగేషనల్ మిషన్, శివకాశి, కోవిల్‌పట్టి వైపు ఆంగ్లికన్లు. నల్లరేగడి ఒకటే అయినా ప్రార్థన పుస్తకాలు వేరు, పెత్తనాలు వేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ భారత సంఘం ఏర్పడినప్పుడు ఈ రెండూ ఒకటయ్యాయి. మదురై, రామనాథపురం బిషప్‌గా వచ్చిన లెస్లీ న్యూబిగిన్ వయసు అప్పటికి 37 ఏళ్ళు. 1959 దాకా ఆయన ఈ పల్లెలన్నీ తిరిగారు. జీతం తీసుకునే బడిపంతులే ఉపదేశకుడు, అతడు బదిలీ అయితే సంఘం దిక్కులేనిదవుతుంది అన్నది ఆయన కళ్ళబడిన బలహీనత. ఊళ్ళో జనం సహజంగా మాట వినే రైతునో కూలినో గుర్తించి, తర్ఫీదు ఇచ్చి సంఘాన్ని అప్పగించాలని ఆయన పట్టుబట్టారు. అరుళప్పన్ జీతాన్ని పక్కన పెట్టి దాదాపు నూరేళ్ళ కిందట అదే జిల్లాలో చేసిన పనినే బిషప్ కుర్చీ మీద కూర్చుని మళ్ళీ చెప్పినట్టయింది. 1950 నాటి దక్షిణ భారత సంఘ ఆరాధన క్రమంలో ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం అందించుకోవడం చేరింది. కులం పట్టింపు ఎక్కువున్న పల్లెలో ఆ ఒక్క స్పర్శ ప్రసంగం కంటే ఎక్కువ పనిచేయగలదు.

తర్వాత పెంతెకోస్తు సంఘాలు పెరిగాయి. పాత సంఘాల్లో పసితనంలో తలమీద నీళ్ళు చల్లించుకున్నవాళ్ళు పెద్దయ్యాక చెరువులో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడంతో చాలా ఇళ్ళల్లో తగవులు లేచాయి. పాత సంఘాల్లోనూ మార్పు వచ్చింది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత దక్షిణ భారత సంఘపు తొలి మహిళా బిషప్ అయ్యారు. 2003లో తూత్తుకుడి నజరేతు మండలం తిరునెల్వేలి నుంచి విడిపోయింది. మండలాల ఎన్నికలు, బడుల, కళాశాలల ఆస్తుల తగవులు కోర్టుకెక్కడం దక్షిణాదిలో పలుచోట్ల మామూలైపోయింది. ఉజ్జీవం కావాలని ఇప్పుడు కోరేవాళ్ళ ఫిర్యాదుల్లో సగం వీటి గురించే.

పెద్దవయసులో వచ్చే మనిషికి సంఘం ముందుగా ఉపదేశం చెబుతుంది, తర్వాత బాప్తిస్మం, ఆ తర్వాత బిషప్ చేతి మీదుగా నిర్ధారణ, అప్పుడు ప్రభు భోజనం. ఇవన్నీ పూర్తయి, చందా కట్టి, పేరు చిట్టాకెక్కితేనే సంఘం కమిటీని ఎన్నుకునే ఓటు. శివకాశి స్త్రీల పేర్లు ఆ చిట్టాలో ఉండవు. వాళ్ళను ఏ వరసలో చేర్చాలో దక్షిణ భారత సంఘం గానీ, పెంతెకోస్తు సంఘాలు గానీ ఒక నిర్ణయానికి రాలేదు.